ఆ మరక నాది కాదు

మూడు రోజులుగా మా ఇంట్లో చర్చంతా నా లోదుస్తుల మీదే నడుస్తోంది.

ఆదివారం పొద్దున బట్టల తొట్టి దగ్గర అత్తయ్య కంటికి ఒక పసుపుపచ్చ మరక చిక్కింది. నాకిప్పుడు రెండో నెల. కడుపులో ఏదో తేడా చేసిందని ఆవిడ అక్కడికక్కడే తేల్చేసింది. ఉద్యోగం మానేసి మంచం దిగకుండా పడుకోవాలంది. పడుకోనన్నాను. సోమవారం అదే మాట, మంగళవారం అదే మాట. మా ఆయన అన్నం కంచం ముందు తల పట్టుకుని, "క్లినిక్‌కి వెళ్లండి, నర్సమ్మ ఏమంటే అదే ఖాయం" అని ఇద్దర్నీ ఒప్పించాడు. ఒప్పించినాయన బుధవారం పొద్దున మమ్మల్ని క్లినిక్ గేటు దగ్గర దించి, "మీరూ మీరూ చూసుకోండి" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

మాది లాండ్రీ. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు; ఇంట్లోకైనా షాపు షట్టరులోంచే దారి. అత్తయ్యని చుట్టుపక్కల అందరూ మరకల డాక్టరంటారు. చొక్కా మీద చుక్క చూసి అది సిరా, తుప్పా, నూనా, ఎన్నాళ్ల కిందటిదో, మధ్యలో ఎవరైనా తెలివితక్కువగా వేడినీళ్లు పోశారో కూడా చెప్పేస్తుంది. ఒకసారి ఒక వకీలు కోటు మీద కాఫీ పడిందని తెచ్చిస్తే, "కాఫీ కాదు బాబూ, దగ్గుమందు. ఇన్నిసార్లు ఒలికిందంటే ఎక్కువే తాగుతున్నారు, ఒకసారి చూపించుకోండి" అందట. ఆయన నిజంగానే చూపించుకున్నాడట, ఛాతీలో నిజంగానే ఏదో ఉందట. ఈ కథ మా ఇంట్లో వారానికోసారైనా వినపడుతుంది. అప్పట్నుంచీ మనుషుల జబ్బులన్నీ బట్టల మీదే కనిపిస్తాయని ఆవిడకి గట్టి నమ్మకం.

నమ్మకం ఆవిడది, ఉద్యోగం నాది. ఊరికి వచ్చే మంచినీళ్లు పరీక్ష చేసే ల్యాబులో నేను తాత్కాలికంగా చేరాను. మూడు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా చేస్తే పోస్టు ఖాయం చేస్తామని రాతపూర్వకంగా ఇచ్చారు. ఇంకా పదిహేడు రోజులు ఉన్నాయి. ఈ పొద్దున రెండు గంటల పర్మిషన్‌కే మా ఇన్‌చార్జి మొహం గంటు పెట్టుకున్నాడు. పదిన్నరకల్లా నేను ల్యాబులో ఉండాలి.

క్లినిక్ బెంచీ మీద అత్తయ్య ఒళ్లో గుడ్డ సంచి పెట్టుకుని కూర్చుంది. సంచి మూతి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఏం తెచ్చారు అందులో?"

"లోపలికెళ్లాక నీకే తెలుస్తుంది."

"అత్తయ్యా, అది కూడా తెచ్చారా?"

"చూపించకుండా వైద్యం ఎలా చేస్తారు? మన దగ్గరికి ఎవరైనా వచ్చి, చొక్కా ఇంట్లో ఉంది, మరక ఇలా ఉందని నోటితో చెబితే పని జరుగుతుందా?"

నేను గోడ మీద గడియారం చూశాను. తొమ్మిది దాటి పది నిమిషాలు.

"పొద్దున్నే బస్సులో ఆ కుదుపులు," అని ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. "అక్కడికి పోయి నిలబడి ఆ సీసాలు ఎత్తడం, దించడం. ఎవరికైనా తెల్లబట్ట అవకుండా ఎలా ఉంటుంది?"

"సీసా అర లీటరు కూడా ఉండదు. తడిసిన దుప్పటి పిండితే దానికి పదింతలు బరువు. దాన్ని మాత్రం మీరు మానమనలేదు."

"అది ఇంటి పని."

"బరువుకి ఇల్లేదో ఆఫీసేదో ఎలా తెలుస్తుందండీ?"

"చదువుకున్న నోరు," అంది అత్తయ్య, ఎదురుగా కూర్చున్న ముసలావిడతో. ఆవిడ సానుభూతిగా తలూపింది. ఎవరి మీద సానుభూతో నాకు అర్థం కాలేదు.

మా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. నర్సమ్మకి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ముందున్న చీటీలోంచి తలెత్తకుండానే అడిగింది.

"ఎన్నో వారం?"

"ఎనిమిదో వారం నడుస్తోంది," అంది అత్తయ్య.

"ఇబ్బంది ఏంటి?"

"తెల్లబట్ట అవుతోంది. పేరుకే తెల్లబట్ట. రంగు చూస్తే పసుపు. లోపల పుండు పడి ఉంటుంది. ఒళ్లు వేడి చేసింది కూడా."

నర్సమ్మ తలెత్తింది. "కడుపుతో ఉన్నది మీరా, ఆ అమ్మాయా?"

"దానికి సిగ్గు. అడిగితే చెప్పదు."

"అడిగి చూద్దాం. ఏమ్మా, అయినప్పుడు ఏ రంగులో ఉంటోంది? ఎండాక కాదు, తాజాగా ఉన్నప్పుడు."

రోజుకి అరవై సీసాల నీళ్లకి రంగు, వాసన, మడ్డి అని మూడు గడులు కట్టి రాసేదాన్ని నేను. ఊళ్లో ఏ వీధి కుళాయి నీళ్లు ఎలా ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా ఒంటి సంగతి అడిగేసరికి ఆ గడులన్నీ కలిసిపోయాయి. అత్తయ్య నా మొహం వైపు చూస్తోంది, చెబుతానా లేదా అని.

"తెల్లగానే. నీళ్లపాలలాగా పల్చగా. ఒక్కోసారి రంగే ఉండదు."

"వాసన?"

"పెద్దగా లేదు."

"దురద?"

"లేదు."

"మంట?"

"ఉంది. రెండు రోజుల నుంచి."

"రెండు రోజుల కిందట కొత్తగా ఏం మొదలుపెట్టావు?"

అత్తయ్య సంచి సర్దుకుంది. నేను నేల వైపు చూశాను. చెప్పక తప్పలేదు. సోమవారం పొద్దున అత్తయ్య గోరువెచ్చటి నీళ్లలో క్రిములు చచ్చే మందు నాలుగు మూతలు పోసి, లోపలంటా కడుక్కోమని చెంబుతో ఇచ్చింది. నేను కడుక్కున్నాను. మంగళవారం కూడా. వద్దంటే ఇంకో గంట గొడవ, బస్సు తప్పిపోతుంది. అంతకన్నా కారణం లేదు.

నర్సమ్మ కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దింపి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"గచ్చు కడిగే మందా?"

"గచ్చుది కాదు," అంది అత్తయ్య నొచ్చుకుని. "గాయాలు కడిగేది. మంచి కంపెనీది."

"నువ్వు చదువుకున్నావా అమ్మాయ్?"

"డిగ్రీ. కెమిస్ట్రీ," అన్నాను. ఆ క్షణంలో ఏ ఇంటర్‌తోనో ఆపేసి ఉంటే బాగుండేదనిపించింది.

"బాగుంది," అంది నర్సమ్మ. "ఇద్దరూ వినండి. నేను రోజుకి పదిసార్లు చెబుతాను, ఇది పదకొండోసారి. నెల తప్పాక ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి. కింద రక్తప్రసరణ పెరుగుతుంది. దాంతో తెల్లబట్ట కూడా పెరుగుతుంది. పల్చగా, తెల్లగా ఉండి, కంపు లేకపోతే అది జబ్బు కాదు. బయటి క్రిములు గర్భసంచి దాకా పాకకుండా ఒళ్లు తనని తాను కాపాడుకునే పద్ధతి అది. దాన్ని మందు పోసి కడిగేస్తే ఉన్న కాపలా కాస్తా పోతుంది. లోపలంటా ఏదీ పోయకూడదు, సబ్బు పెట్టకూడదు. బయట మామూలు నీళ్లు చాలు. ఆ మంట మందు వల్లే అయితే రెండు రోజుల్లో పోవాలి. పోకపోతే మళ్లీ రా, పరీక్ష చేస్తాం."

"మరి పసుపు రంగు?" అంది అత్తయ్య. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కవరులో మడతపెట్టిన నా బట్ట. ఉతక్కుండా మూడు రోజులు దాచింది. ఆ గదిలో నేల చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండనుకున్నాను.

నర్సమ్మ కవరు విప్పలేదు. పైనుంచే చూసింది.

"పెద్దమ్మా, మీరు లాండ్రీ వాళ్లే కదా. తెల్లగుడ్డ మీద పాలు ఒలికి ఎండిపోతే ఏ రంగు వస్తుంది?"

"పసుపు డాగు పడుతుంది."

"అప్పుడు ఒలికినవి పాడైన పాలంటారా?"

అత్తయ్య కవరు తిప్పి ఆ డాగునే మళ్లీ చూసుకుంది. నాలుగేళ్ల కాపురంలో ఆవిడ మరక విషయంలో ఓడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు సంతోషించే ఓపిక కూడా లేదు. తొమ్మిదీ నలభై అయింది.

"చిక్కగా పెరుగు విరిగినట్టు వచ్చి దురదపెడితే రావాలి," అని నర్సమ్మ చీటీ మీద రాస్తూ చెప్పింది. "ఆకుపచ్చగా, బూడిద రంగులో వచ్చినా, చేపల కంపు కొట్టినా, మూత్రానికి పోతే మంటపుట్టినా రావాలి. ఎర్రగా గానీ, గోధుమరంగులో గానీ ఒక్క చుక్క కనిపించినా ఆ రోజే రావాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. నూలు బట్టలు వేసుకో. పనికి శుభ్రంగా వెళ్లొచ్చు."

నేను లేచి నిలబడ్డాను. పది గంటల బస్సు అందుతుంది.

అత్తయ్య లేవలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఇంకో కవరు తీసింది.

"మరి ఇది?"

ఈసారి నర్సమ్మ కవరు అందుకుని విప్పింది. బట్ట మీద పావలా కాసంత గోధుమరంగు మరక. అంచున గులాబీ రంగు.

"ఇది ఎప్పటిది?"

"ఆదివారంది. పసుపుదాంతో పాటే తొట్టిలో దొరికింది. సోమవారం ఇంకోటి దొరికింది, ఇంట్లో ఉంది." అత్తయ్య గొంతు మొదటిసారి తగ్గింది. "అబ్బాయి ముందు ఆ మాట ఎలా ఎత్తను? అందుకే పసుపు మరకనే పట్టుకుని పడుకోమని పోరుతున్నాను. ఇది వినదు."

"నాది కాదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"నాకు అలాంటిది కాలేదు. ఒక్కసారి కూడా."

"చూశారా," అంది అత్తయ్య నర్సమ్మతో. "ఉద్యోగం పోతుందని దాస్తోంది."

"అమ్మాయ్, దాస్తే నష్టం నీకే," అంది నర్సమ్మ. ఆవిడ గొంతులో ఇందాకటి వెటకారం లేదు. "కొందరికి మొదటి నెలల్లో కాస్త కనిపించి ఆగిపోతుంది, ఏమీ కాదు. కానీ చూడకుండా నేను ఆ మాట అనను. నొప్పి ఉందా?"

"నాకు నొప్పి లేదు, నాది కాదు కాబట్టి లేదు."

"నీ గుర్తే ఉంది," అంది అత్తయ్య.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. షాపుకి వచ్చే బట్టలు కలిసిపోకుండా ప్రతి ఇంటికీ ఒక గుర్తు కుడతాం, రంగు దారంతో అంచు లోపలి వైపు. అలవాటు కొద్దీ మా ఇంట్లోవాళ్ల బట్టలకీ గుర్తులున్నాయి. మావయ్యకి నలుపు, మా ఆయనకి తెలుపు, అత్తయ్యకి ఎరుపు. నాకు నీలం, రెండు కుట్లు. లోకంలో ఎక్కడైనా కోడలి లోదుస్తులకి నంబరు వేసిన ఇల్లు ఉంటే అది మాదే. పెళ్లైన వారానికే నా చేతికి సూదీ దారం ఇచ్చి కుట్టుకోమంది అత్తయ్య.

కవరు అందుకుని నడుము పట్టీ తిప్పి చూశాను. నీలం దారం, రెండు కుట్లు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నిద్రలో నడిచేవాళ్లలాగా నాకు తెలియకుండా ఏదైనా జరిగిందా అని. అప్పుడు ముడి చూశాను. నేను కుడితే ముడి బయటికి పొడుచుకొస్తుంది. దానికి అత్తయ్య చేత తిన్న చీవాట్లకి లెక్కలేదు. ఈ ముడి కనపడటం లేదు, పట్టీ మడతలోకి వెళ్లిపోయింది. పక్కనే వరసగా సూది పొడిచిన కన్నాలు. ఒక కన్నంలో నూగంత ఆకుపచ్చ పోగు ఇరుక్కుని ఉంది. పాత గుర్తు తీసేసి నా గుర్తు కుట్టారు. మరకైతే ఆమడ దూరం నుంచి పట్టేస్తుంది గానీ, కళ్లజోడు పెట్టుకోమంటే పెట్టుకోని అత్తయ్యకి ఆ పోగు ఎలా కనిపిస్తుంది?

ఆకుపచ్చ గుర్తు గంజిది.

గంజి మా ఆడపడుచు. నిటారుగా నడుస్తుందని, ఎవరి మాటకీ వంగదని చిన్నప్పుడు వాళ్ల నాన్న పెట్టిన పేరు. దాని మొగుడు లారీ డ్రైవరు. అతను రూటు మీద ఉన్నన్నాళ్లూ అది మా ఇంట్లోనే ఉంటుంది, షాపులో ఇస్త్రీ పని చూసుకుంటుంది. ఆరేళ్లలో దానికి రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. రెండుసార్లూ అది నోరు విప్పకముందే అత్తయ్య బట్టలు చూసి శోకాలు పెట్టింది. వీధివీధంతా వచ్చి దాని మంచం చుట్టూ కూర్చున్నారు. "ఇంకోసారంటూ ఉంటే, మంచైనా చెడైనా ముందు నాకు నేనే చెప్పుకుంటాను వదినా" అని ఒకసారి చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ అంది.

ఈ పొద్దున క్లినిక్‌కి నువ్వు వెళ్లమ్మా, షాపు నేను చూసుకుంటానని అత్తయ్యని ముందుకి తోసింది కూడా అదే.

"డాక్టరమ్మ రేపు పదకొండింటికి వస్తుంది," అంటోంది నర్సమ్మ. "స్కానింగ్ తీశాక ఆవిడ చూసి చెప్పేదాకా పనికి వెళ్లొద్దు. కావాలంటే మీ ఆఫీసుకి కాయితం రాసిస్తాను."

రేపు. రేపు ఒక్కరోజు మానితే మూడు నెలలూ మళ్లీ మొదట్నుంచి, అదీ మళ్లీ పిలిస్తే. ఒక్క మాట చెబితే ఈ గొడవ నా నెత్తి మీంచి దిగిపోతుంది. ఆ మాట గంజిది.

బాత్రూమని చెప్పి వసారాలోకి వచ్చి దానికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక ఆవిరి ఇస్త్రీపెట్టె బుసబుస వినిపిస్తోంది.

"గుర్తు మార్చి కుట్టావా?"

పెట్టె పలక మీద నిలబెట్టిన శబ్దం వినిపించింది.

"అమ్మకి చెప్పేశావా?"

"లేదు. చెప్పకుండా ఇక్కడ నేను బోనులో నిలబడ్డాను. నీకేమైనా బుద్ధుందా? నా గుర్తే దొరికిందా నీకు?"

"నీకెలాగూ కడుపని అందరికీ తెలుసు కదా వదినా. నీ బట్టల మీద ఏమున్నా ఎవరూ కొత్తగా ఏడవరనుకున్నాను. ఉతికి ఆరేద్దామనే తొట్టిలో వేశాను. అమ్మ అంత పొద్దున్నే తొట్టి తిరగేస్తుందని ఏం తెలుసు?"

దాన్ని తిట్టడానికి నోట్లో చాలా మాటలున్నాయి. వాటిని పక్కన పెట్టి అడిగాను.

"ఎన్నో వారం?"

"ఏడు దాటింది."

"ఎప్పట్నుంచి కనిపిస్తోంది?"

"శనివారం నుంచి. కొంచెమే. ముందు రెండుసార్ల లాగా లేదు, అప్పుడు ఎర్రగా ఎక్కువ అయ్యేది. ఇది ఆగిపోతుందిలే."

"నొప్పి?"

"కుడిపక్క ఒక్కటే. పొద్దున నుంచి కొంచెం గట్టిగానే ఉంది. ఎడమ భుజం కొసన కూడా లాగుతోంది, అది ఇస్త్రీ నొప్పి. నిన్న హోటలు దుప్పట్లు ఎనభై చేశాను కదా. లేస్తే కాస్త కళ్లు తిరుగుతున్నాయి, టిఫిను తినలేదు అందుకే." అంతలోనే, "వదినా, ఈ ఒక్క వారం నీ మీద వేసుకో. ఆయన వచ్చాక ఆయనకి చెప్పి నేనే వెళ్తాను," అంది.

ఈ ఒక్క వారమట. నాకున్నవే పదిహేడు రోజులు. ఆ సంగతి దానికి తెలుసు. తెలిసే అడిగింది. నేను సరేననలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేశాను.

లోపలికి వచ్చేసరికి నర్సమ్మ కాయితం రాయడం పూర్తి చేసి సంతకం చెయ్యబోతోంది. అత్తయ్య రెండు కవర్లూ సంచిలో సర్దుకుంటోంది. మొహంలో గెలిచిన కళేమీ లేదు, అదే నాకు మరీ విసుగు తెప్పించింది. గెలిచినవాళ్లు కాస్త సంతోషపడితే తిట్టుకోడానికైనా వీలుంటుంది.

కూర్చోకుండానే అడిగాను. "మేడమ్, ఇలా గోధుమరంగు కనిపిస్తున్నప్పుడు భుజం నొప్పి కూడా ఉంటే ఏంటి?"

నర్సమ్మ కలం ఆగింది. "భుజమా?"

"భుజం కొసన. ఇంకా పొత్తికడుపులో ఒకపక్కే నొప్పి. లేస్తే కళ్లు తిరుగుతాయి."

"ఇందాక నొప్పి లేదన్నావు."

"నాకు లేదు."

ఆవిడ కలం పక్కన పెట్టి లేచింది. "అమ్మాయ్, అలాంటప్పుడు పిండం గర్భసంచిలో కాకుండా పక్కన గొట్టంలో నిలబడి ఉండొచ్చు. ఆ గొట్టం చిట్లితే రక్తం కడుపులోనే పోతుంది. బయటికి చుక్కలే కనిపిస్తాయి, బట్ట చూస్తే ఏమీ తెలియదు. భుజం లాగుతోందంటే ఇంక రేపూ ఎల్లుండీ లేదు, పెద్దాసుపత్రికి ఈ క్షణమే వెళ్లాలి. ఎవరికమ్మా?"

అత్తయ్య చేతులు సంచి మీద ఆగిపోయాయి.

ఒక వారం నా మీద వేసుకోమంది గంజి. ఎంత ఒప్పుకున్నా నా మీద వేసుకునే సంగతి కాదిది.

"గంజికి," అన్నాను అత్తయ్యతో. "ఏడో వారం దాటింది. ఆ మరక దానిది. మీకు తెలియకూడదని నా గుర్తు కుట్టుకుంది."

ఆవిడ ఏడుస్తుందని, అరుస్తుందని, ఇన్నాళ్లూ నువ్వూ దాచావా అని నా మీద పడుతుందని చూశాను. సంచిలోంచి రెండో కవరు తీసి, బట్ట మడత విప్పి, బొటనవేలితో ఆ నీలం కుట్ల మీద మెల్లగా తడిమింది. వేలు ముడి ఉండాల్సిన చోట ఆగింది. అలా కుట్టడం దానికి నేర్పింది ఆవిడే.

నర్సమ్మ టేబులు మీది ఫోన్ అందుకుంది. "అంబులెన్సుకి చెబుతున్నాను. ఇంటి అడ్రసు చెప్పండి. ఆమె ఫోన్ చేస్తే పలుకుతోందా?"

నేను అప్పటికే చేస్తున్నాను. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. మళ్లీ మోగి ఆగిపోయింది.

"షాపులో ఎవరో ఒకరు ఉంటారుగా," అంది నర్సమ్మ. "ఎవరైనా బేరం వచ్చినవాళ్లయినా చూస్తారు. తలుపు తీసే ఉంటుంది కదా?"

అత్తయ్య లేచి నిలబడింది.

"లేదు," అంది. "మావారు బాకీల వసూలుకి బయటికెళ్లారు. ఒక్కతే ఉంది కదా, బేరాలతో దాని పని పాడవుతుందని షట్టరు కిందకంటా దించి, లోపల్నుంచి తాళం వేసుకోమని నేనే చెప్పొచ్చాను."